పంపు కింద చిన్న రంధ్రం

మా ఇంటి పోర్టికోలో షాబాదు బండలు పరిచి ఉంటాయి. వాటి మీద ఏ బొట్టు పడినా మరక తెలిసిపోతుంది. ఓ ఫిబ్రవరి ఉదయం నాన్నగారి అంబాసిడర్ ముందు భాగం కింద రూపాయి బిళ్లంత తడి కనిపించింది. లేత ఆకుపచ్చ రంగు. వేళ్ల మధ్య రుద్దితే జారుతోంది కానీ నూనె వాసన లేదు. రేడియేటర్‌లో పోసిన కూలెంట్ అది. మర్నాడు చూస్తే అరచేయంత అయింది.

బానెట్ ఎత్తి టార్చి వేసి చూశాను. హోస్ పైపులు పొడిగా ఉన్నాయి. రేడియేటర్ అడుగూ పొడిగానే ఉంది. ఫ్యాన్ వెనకాల, ఇంజిన్ దిమ్మకి బిగించిన వాటర్ పంపు పొట్ట కింద మాత్రం ఉప్పు కట్టినట్టు తెల్లగా, పచ్చగా ఒక చార ఉంది. చిన్న అద్దం ముక్క కింద పట్టి చూస్తే ఆ చార ఎక్కడ మొదలైందో తెలిసింది. పంపు ఇనుప ఒంటికి అడుగున పెన్సిల్ మొన దూరేంత రంధ్రం. బొట్టు అందులోంచే వస్తోంది.

అది తుప్పు తిని పడిన రంధ్రం కాదు. పంపు చేసినవాళ్లే కావాలని పెట్టారు. నీళ్లు కారకూడని పంపుకి, నీళ్లు కారే దారి ఎందుకు పెట్టినట్టు? ఆ సంగతి తెలియాలంటే ముందు ఇంజిన్‌కి నీళ్లెందుకో, ఆ నీళ్లకి పంపెందుకో చూడాలి.

మా బండి 1972 నాటిది, మార్క్ 2. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసింది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌గా పుట్టిన నమూనా, 1950ల చివర్లో ఇక్కడికొచ్చి అంబాసిడర్ అయింది. 2014 దాకా ఆ ఫ్యాక్టరీలోంచి బయటికొస్తూనే ఉంది. మన దేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు కాబట్టి ఇప్పుడు మాదీ ఆ వరసలోకి వచ్చింది. బ్రిటన్‌లో ఆ మాటకి అర్థం వేరు. 1919 నుంచి 1930 మధ్య చేసిన కార్లనే అక్కడ వింటేజ్ అంటారు. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, బొట్టు విషయంలో మళ్లీ దీనితో పని పడుతుంది.

బానెట్ కింద ఉన్నది 1489 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజిన్. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ కుటుంబానికి చెందింది. 1955లో వచ్చిన ఎమ్‌జీఏ స్పోర్ట్స్ కారులోనూ ఈ కుటుంబం ఇంజినే ఉండేది. దిమ్మ, హెడ్డు రెండూ పోత ఇనుమే. తడితే గుడి గంటలా మోగదు కానీ, ఓపికలో దాన్ని మించిన ఇంజిన్ మన రోడ్ల మీద తక్కువ.

ఇక వేడి లెక్కకొద్దాం. లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌల్స్ శక్తి విడుదలవుతుంది. మా బండి లీటరుకి 10 కిలోమీటర్లు ఇస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గంటలో 6 లీటర్లు తాగుతుందన్నమాట. లెక్క కడితే సెకనుకి 53 కిలోజౌల్స్, అంటే 53 కిలోవాట్లు. ఇందులో చక్రాలు తిప్పడానికి పనికొచ్చేది ఇంచుమించు నాలుగో వంతే. మిగిలినదంతా వేడి. దానిలో పెద్ద భాగం పొగగొట్టంలోంచి పోతుంది. మొత్తం శక్తిలో మూడో వంతు, దాదాపు 18 కిలోవాట్లు, సిలిండర్ గోడల్లోంచి నీళ్లలోకి దిగుతుంది. స్నానాల గదిలో పెట్టుకునే గీజరు 2 కిలోవాట్లది అనుకుంటే, తొమ్మిది గీజర్లు ఒకేసారి వేసి ఉంచినంత వేడి ఆ చిన్న ఇనుప పెట్టెలో ఎడతెగకుండా పుడుతోంది.

ఆ వేడిని మోయడానికి నీటిని మించినది లేదు. కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే 4.2 కిలోజౌల్స్ కావాలి. కిలో ఇనుముకి అందులో తొమ్మిదో వంతు చాలు. నూనెకైతే సగం. పొయ్యి మీద ఎసరు మరగడానికి అంతసేపు పట్టేదీ, మూకుడులో నూనె చప్పున కాగేదీ ఇందుకే. వంటింట్లో మన ఓపికకి పరీక్ష పెట్టే ఈ గుణమే ఇంజిన్‌కి ప్రాణం పోస్తోంది.

రేడియేటర్‌లో పైనుంచి కిందికి దిగేలోగా నీరు 8 డిగ్రీలు చల్లబడుతుందనుకుందాం. సెకనుకి 18 కిలోజౌల్స్ దించుకు పోవాలంటే సెకనుకి అర లీటరు పైచిలుకు, నిమిషానికి 32 లీటర్లు తిరగాలి. మొత్తం వ్యవస్థలో 8 లీటర్లే ఉన్నాయనుకుంటే, ప్రతి బొట్టూ పదిహేను సెకన్లకోసారి ఇంజిన్లోంచి రేడియేటర్‌కి పోయి తిరిగి రావాలి. ఆ తిరుగుడు ఆగిపోతే 80 డిగ్రీల దగ్గరున్న నీరు 100 డిగ్రీలు చేరడానికి, ఇనుప దిమ్మ తాగే వేడిని కూడా కలుపుకుని, రెండు నిమిషాలు పట్టదు. పంపుని కూడా తిప్పే ఫ్యాన్ బెల్టు తెగాక 'ఇంకొంచెం దూరమేగా, ఊరు వచ్చేసిందిగా' అని నడిపినవాళ్ల హెడ్డు ప్యాకింగులు ఎందుకు కాలిపోతాయో ఈ లెక్కే చెబుతుంది.

మొదటి కార్లకి పంపు లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండిలో నీళ్లు మరిగి ఆవిరైపోయేవి, మళ్లీ పోసుకోవడమే. కిలో నీరు ఆవిరైతే 2,257 కిలోజౌల్స్ వేడిని మోసుకుపోతుంది కాబట్టి పద్ధతి బాగానే పనిచేసేది, నీళ్లు దొరికినంతసేపూ. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్ల ప్రయాణం చేసినప్పుడు దారి పొడవునా నీళ్ల కోసం ఆగుతూ వెళ్లింది. ఒకసారి పోసిన నీటినే తిప్పి తిప్పి వాడుకునే దారిని గట్టిపరిచినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900-01లో మెర్సిడెస్ కారుకి ఆయన కట్టిన తేనెపట్టు రేడియేటర్లో 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు ఎనిమిది వేల పైచిలుకు ఉండేవి. వాటి మధ్య నీటిని నడిపించేది పంపు.

ఆ తర్వాత కూడా పంపు లేకుండా పని జరిపించాలని చూసినవాళ్లున్నారు. ఫోర్డ్ మోడల్ టి అందుకు పేరుపొందిన ఉదాహరణ. 1908లో మొదలుపెట్టి సుమారు 2,500 బండ్లకి పంపు పెట్టి, తర్వాత తీసేశారు. వేడినీరు తేలికై పైకి పోతుంది, చన్నీరు బరువై కిందికి దిగుతుంది, ఆ వాలే నీటిని తిప్పుతుంది. అరిగేదీ కారేదీ లేని అందమైన ఉపాయం. కానీ 60 డిగ్రీల నీటికీ 90 డిగ్రీల నీటికీ సాంద్రతలో తేడా రెండు శాతం లోపే. అంత చిన్న తోపుడు 20 హార్స్‌పవర్ ఇంజిన్‌కి సరిపోయింది. ఇంజిన్లు పెరిగేకొద్దీ చాలలేదు. 1927లో మోడల్ ఎ తెచ్చినప్పుడు ఫోర్డ్ కూడా పంపు దగ్గరికే వచ్చాడు.

మన పల్లెల్లో బావి మీద మోటారు తిప్పినవాళ్లకి ఈ పంపు కొత్తది కాదు. తడిసిన గొడుగుని కాడ పట్టుకుని గిర్రున తిప్పితే అంచుల్లోంచి చినుకులు ఎగిరిపడతాయి కదా, అంతే. రెక్కల చక్రం మధ్యలోకి నీరు చేరుతుంది, రెక్కలు దాన్ని చుట్టూ విసురుతాయి, విసిరిన నీరు గోడకి తగిలి వేగం పోగొట్టుకుంటుంది, ఆ వేగమే ఒత్తిడిగా మారుతుంది. చక్రం వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఇంజిన్ ఎంత జోరుగా తిరిగితే పంపు అంత ఎక్కువ నీటిని తోస్తుంది కాబట్టి, వేడి పెరిగిన వేళకే చల్లదనమూ పెరుగుతుంది. ఇంకో సుగుణం కూడా ఉంది. పళ్లచక్రాల పంపుకి దారి మూసేస్తే ఏదో ఒకటి విరగాల్సిందే. దీనికి దారి మూసినా రెక్కలు నీటిని అక్కడికక్కడే చిలుకుతాయి తప్ప దేన్నీ పగలగొట్టవు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దారిలోని థర్మోస్టాట్ వాల్వు మూసుకుని ఉన్నా ఈ పంపుకి ప్రమాదం లేనిది అందుకే.

ఈ ఆలోచన వెనక ఉన్న మనిషిని తలుచుకోవాలి. ఫ్రాన్సులో పుట్టిన డెనీ పాపిన్ 1679లో లండన్‌లో, బిగుతుగా మూత పెట్టి ఆవిరి ఒత్తిడితో ఎముకల్ని మెత్తబరిచే పాత్రని చేసి చూపించాడు. ఒత్తిడి మితిమీరితే వదిలేయడానికి దాని మీద బరువుతో పనిచేసే వాల్వు పెట్టాడు. మన కుక్కర్‌కీ, దాని వెయిట్‌కీ ముత్తాత అదే. ఆయనే పదేళ్ల తర్వాత జర్మనీలో ఉన్నప్పుడు రెక్కల చక్రంతో నీటిని తోసే పంపు మీద పనిచేశాడు. రెక్కలు నిటారుగా కాకుండా వెనక్కి వంగి ఉంటే ఎంత మేలో 1851 లండన్ మహాప్రదర్శనలో జాన్ అప్పోల్డ్ పంపు నిరూపించింది. నిటారు రెక్కల పంపులకన్నా అది దాదాపు మూడింతలు సమర్థంగా పనిచేసింది.

మా అంబాసిడర్ బానెట్ ఎత్తితే పాపిన్ చేసిన రెండు పనులూ జానెడు దూరంలో కనిపిస్తాయి. రెక్కల పంపు ఒకటి. రేడియేటర్ మూత రెండోది. ఆ మూతలో స్ప్రింగు ఉంటుంది. 7 పౌండ్ల మూత అయితే, లోపలి ఒత్తిడి బయటి గాలికన్నా చదరపు అంగుళానికి 7 పౌండ్లు పెరిగేదాకా అది ఆవిరిని వదలదు. అందువల్ల లోపలి నీరు 100 డిగ్రీల దగ్గర మరగకుండా 111 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది.

ఇక్కడే ఆగి ఒక హెచ్చరిక చెప్పాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత విప్పితే ఏమవుతుంది? 111 డిగ్రీల నీరు ఒక్కసారిగా మామూలు గాలి ఒత్తిడిలోకి వస్తుంది. తన మరుగు బిందువుకన్నా 11 డిగ్రీలు ఎక్కువ వేడితో ఉన్న ఆ నీటిలో రెండు శాతం ఆ క్షణంలోనే ఆవిరవుతుంది. రెండు శాతమేగా అనిపిస్తుంది. 8 లీటర్లలో రెండు శాతం 160 గ్రాములు. గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే డీజిల్ పోసుకునే 200 లీటర్ల పీపాలో కూడా పట్టనంత ఆవిరి, అరచేయంత రంధ్రంలోంచి, మూత మీదికి వంగిన ముఖం మీదికి. గుడ్డ అడ్డం పెట్టి విప్పాలని చెప్పేవాళ్ల మాట వినకండి. పై హోస్ పైపుని చేత్తో హాయిగా పట్టుకోగలిగేదాకా మూత జోలికి వెళ్లకూడదు.

మళ్లీ రంధ్రం దగ్గరికొద్దాం.

పంపులో ఒక కడ్డీ ఉంటుంది. దాని ముందు కొసకి ఫ్యాను, పూలీ. వెనక కొసకి నీళ్లలో మునిగి తిరిగే రెక్కల చక్రం. మధ్యలో ఆ కడ్డీని మోసే గుండ్ల బేరింగు. చిక్కంతా ఇదే: ఒక కొస నీళ్లలో, ఇంకో కొస గాలిలో, తిరుగుతున్న కడ్డీ చుట్టూ ఉన్న సందులోంచి నీరు రాకుండా ఆపాలి. కదలని చోట్ల నీటిని ఆపడం సులువు, కాగితం ప్యాకింగు వేసి బిగిస్తే సరి. కదిలేచోట బిగిస్తే కడ్డీ తిరగదు, వదిలేస్తే నీరు ఆగదు.

తొలి రోజుల్లో దీనికి దొరికిన జవాబు పేనిన తాడు. కొవ్వో గ్రాఫైటో పట్టించిన తాడుని కడ్డీ చుట్టూ చుట్టి, నట్టు బిగించి అదిమిపెట్టేవారు. 1920ల కార్లలో ఇదే పద్ధతి. నది ఒడ్డున లిఫ్ట్ పంపుల్లో ఇప్పటికీ చూడవచ్చు. ఆ తాడుకి కాస్త తడి కావాలి. నిమిషానికి కొన్ని బొట్లు కారుతుంటేనే అది చల్లగా, మెత్తగా ఉంటుంది. ఒక్క బొట్టూ కారకూడదని నట్టుని బిగించారో, తాడు మాడిపోయి కడ్డీని కోసేస్తుంది. అసలు సిసలు వింటేజ్ కారు యజమానికి బొట్టు పడటం ఆరోగ్య లక్షణం. మా అంబాసిడర్‌కి అది జబ్బు లక్షణం. ఒకే బొట్టుకి రెండు కాలాల్లో రెండు అర్థాలు.

ఎందుకంటే అంబాసిడర్ నాటికి తాడు పోయి సీలు వచ్చింది. నున్నగా సానపట్టిన ఒక కార్బన్ రింగు. దానికి ఎదురుగా అంతే నున్నటి మరో ముఖం. వెనకనుంచి చిన్న స్ప్రింగు ఈ రెండింటినీ అదిమి ఉంచుతుంది, రబ్బరు తొడుగు పక్కనుంచి నీరు రాకుండా కాపలా కాస్తుంది. ఒక ముఖం కడ్డీతో తిరుగుతుంది, రెండోది నిలిచి ఉంటుంది. వాటి మధ్య మిగిలే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతు పాటిది. ఆ సందులోకి చొరబడిన నీటిపొరే ఆ రెండింటికీ కందెన. అది బయటి అంచుకి చేరేలోగా ఆవిరైపోతుంది. కాబట్టి మంచి సీలు కూడా పూర్తిగా పొడిగా ఉండదు, కంటికి కనిపించనంతగా ఊపిరి వదులుతూనే ఉంటుంది.

ఆ ఆవిరి, సీలు అరిగాక వచ్చే బొట్లు ఎటు పోవాలి? సీలు దాటిన వెంటనే బేరింగు ఉంది. నీరు అక్కడికి చేరితే గ్రీజు పాలలా తెల్లబడి పలచనవుతుంది, ఉక్కు గుండ్ల మీద తుప్పు చుక్కలు పడతాయి. అలా జరగకుండా సీలుకీ బేరింగుకీ మధ్య కొంచెం ఖాళీ వదిలి, ఆ ఖాళీకి అడుగున ఒక దారి పెట్టారు. అదే నేను అద్దంలో చూసిన రంధ్రం. సీలు ఏదో ఒకరోజు అరిగిపోతుందని దాన్ని గీసిన ఇంజినీరుకి తెలుసు. అరిగిన రోజున బేరింగు చావకుండా, బండివాడికి ముందే తెలిసేలా ఏర్పాటు చేశాడు. యంత్రాల్లో నన్ను ఎక్కువగా కదిలించేవి ఇలాంటివే. ఎప్పటికీ చెడిపోనిదాన్ని చేస్తానని కాకుండా, చెడిపోయే తీరుని కూడా మర్యాదగా ఉండేలా చూసుకోవడం.

ఈ సంగతి తెలియక మేము ఒకసారి నష్టపోయాం. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఇదే బండికి ఇదే చోట బొట్టు మొదలైంది. ఒక షెడ్డులో చూపిస్తే, అక్కడి కుర్రాడు ఆ రంధ్రంలో గట్టిపడే ముద్ద ఏదో కూరి మూసేశాడు. బొట్టు ఆగింది, నాన్నగారు సంతోషించారు. మూడు నెలల తర్వాత మే నెలలో హైదరాబాదు వెళ్తుంటే నందిగామ దాటాక ముందునుంచి కీచుమని చప్పుడు. ఆపేలోగా బేరింగు పగిలి కడ్డీ వంగింది, ఫ్యాను రెక్కలు ముందుకొరిగి రేడియేటర్ గొట్టాల్ని చీల్చాయి. పంపుతో పోవాల్సింది రేడియేటర్ దాకా వచ్చింది. కారే దారి మూసినా నీరు ఆగదు, బేరింగులోకి దారి చూసుకుంటుంది. ఆ రోజు రోడ్డు పక్కన తుమ్మచెట్టు నీడలో కూర్చుని వేడి తగ్గేదాకా ఎదురుచూసిన నాలుగు గంటలూ నాకిప్పటికీ గుర్తే.

అందుకని ఈసారి బొట్టు కనిపించిన వారంలోనే విజయవాడ ఆటోనగర్‌లో మా పాత మేస్త్రిగారి దగ్గరికి బండి తీసుకెళ్లాను. ఆయన ముందు నీళ్ల సంగతి చూడనేలేదు. ఇంజిన్ ఆపించి, ఫ్యాను ఎదురెదురు రెక్కలు రెండూ పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించారు.

"ఆడుతోంది బాబూ. వాటర్ బాడీ దింపాల్సిందే."

మెకానిక్కుల భాషలో వాటర్ పంపు పేరు వాటర్ బాడీ.

"సీలు ఒక్కటే మారిస్తే చాలదా మేస్త్రిగారూ?"

"సీలు ఊరికే పోదు. బేరింగు లూజైతే కడ్డీ ఊగుతుంది, కడ్డీ ఊగితే సీలు మొహం అరుగుతుంది. ఒకటి పోయిందంటే రెండోదీ పోయినట్టే."

ఆయన మాటలో భౌతికశాస్త్రం ఉంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు సందుతో బతికే సీలుకి, కంటికి కనిపించే ఊపు భూకంపంతో సమానం.

పని చెప్పుకుంటే చిన్నదే. అంబాసిడర్ బానెట్ కింద చేతులు ఆడటానికి కావలసినంత చోటుంది. చల్లబడిన ఇంజిన్లోంచి కూలెంట్ మొత్తం పళ్లెంలోకి దింపారు. ఆ పళ్లేన్ని నేల మీద వదిలి పక్కకి వెళ్లకూడదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిగా కడుపులోకి వెళ్లినా మూత్రపిండాలు పోయి చచ్చిపోతాయి. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. తర్వాత డైనమో బోల్టులు వదులు చేసి బెల్టు తీశారు. ఫ్యాను, పూలీ వచ్చేశాయి. పంపుని దిమ్మకి పట్టి ఉంచే నాలుగు బోల్టుల దగ్గర మాత్రం గంటన్నర పట్టింది. తుప్పు పట్టిన బోల్టు మీద బలం చూపిస్తే తల ఊడి చేతికొస్తుంది, మిగిలిన మొండెం దిమ్మలో ఉండిపోతుంది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టే మరల మధ్య అది మేకులా బిగుసుకుంటుంది. మేస్త్రిగారు పలచటి నూనె పోసి, సుత్తితో తలల మీద మెల్లగా తట్టి, టీ తాగొచ్చి, మళ్లీ పోసి, కొంచెం విప్పి, కొంచెం బిగించి, ఇంకొంచెం విప్పి తీశారు. పాతబండి పనిలో ఇంతకన్నా విలువైన నైపుణ్యం నాకు తెలియదు.

పంపు ఊడొచ్చాక లోపల చూస్తే రెక్కల చక్రం అంచులు చెదలు తిన్నట్టు గుంటలు పడి ఉన్నాయి. తుప్పు ఒక కారణం. నీటి బుడగలు ఇంకో కారణం. రెక్కలు నీటిని బయటికి విసిరినప్పుడు మధ్యలో ఒత్తిడి పడిపోతుంది. వేడినీరు ఆ చోట తక్కువ ఉష్ణోగ్రతకే మరిగి బుడగలు కడుతుంది. అవి రెక్క అంచుకి, ఒత్తిడి ఎక్కువున్న చోటికి రాగానే ఠప్పున కుప్పకూలుతాయి. ఒక్కో బుడగ ఓ చిన్న సుత్తి దెబ్బ. రేడియేటర్ మూత స్ప్రింగు చచ్చుబడి ఒత్తిడి నిలవకపోతే ఈ దెబ్బలు ఎక్కువవుతాయి. పంపు మార్చినప్పుడే మూత కూడా మార్చమని మేస్త్రిగారు అనడం అందుకే.

దిమ్మ లోపలి నీటి దారుల్లో తెల్లటి సున్నపు పొర కనిపించింది. అది మా తప్పే. కొన్నేళ్లు బోరు నీళ్లు పోశాం. మన బోరు నీటిలో కరిగి ఉండే కాల్షియం లవణాలు వేడి తగలగానే విడిపోయి గోడకి అంటుకుంటాయి. మామూలుగా వేడినీటిలో ఏదైనా ఎక్కువ కరుగుతుందనుకుంటాం, సున్నపు లవణం ఆ మాటకి ఎదురు. పోత ఇనుముతో పోలిస్తే ఈ పొరలోంచి వేడి ఇరవై పాతిక రెట్లు నెమ్మదిగా ప్రవహిస్తుంది. మిల్లీమీటరు మందం సున్నం పేరుకుంటే, సిలిండర్ గోడకి అంగుళం మందం ఇనుము అదనంగా తొడిగినట్టు లెక్క. కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలనడంలో కంపెనీల వ్యాపారం ఏమీ లేదు, ఇదే ఉంది.

కొత్త పంపు కొనుక్కోవచ్చు, అంబాసిడర్‌వి ఇంకా దొరుకుతున్నాయి. పాత పంపు ఒళ్లు గట్టిగా ఉందని మేస్త్రిగారు దాన్నే బాగుచేయమని సలహా ఇచ్చారు. ప్రెస్సు మీద పాత కడ్డీని బేరింగుతో సహా నెట్టేసి, కొత్తది దింపి, కొత్త సీలు కూర్చారు. సీలు నున్నటి ముఖాన్ని వేలితో కూడా తాకలేదు. చేతి జిడ్డు, ఇసుక రేణువు ఏది పడినా మొదటి రోజే గీత పడుతుంది. రెక్కల చక్రానికీ గోడకీ మధ్య సందు మిల్లీమీటరు లోపు ఉండేలా చూసుకున్నారు. ఆ సందు పెరిగితే తోసిన నీరు తిరిగి వెనక్కే జారుతుంది.

ప్యాకింగు కోయడం చూడముచ్చటైన పని. ప్యాకింగు కాగితాన్ని పంపు ముఖం మీద పరిచి గుండు సుత్తితో అంచుల వెంట చిన్నగా తట్టుకుంటూ పోతే, ఇనుము అంచే కాగితాన్ని కోస్తుంది. గీత గీయనక్కర్లేదు, కత్తెర అక్కర్లేదు. బోల్టు రంధ్రాలూ అలాగే. కొలత తప్పే ప్రసక్తే లేదు. రెండు ముఖాల మీది పాత కాగితం ముక్కల్ని గోకి, కొత్త ప్యాకింగుకి పలచగా గ్రీజు రాసి, బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించారు.

చివరికి బెల్టు. రెండు పూలీల మధ్య పొడవైన చోట బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. బెల్టు అడుగున సన్నగా, పైన వెడల్పుగా ఉండి పూలీ గాడిలో మేకులా కూరుకుంటుంది కాబట్టి చదును బెల్టుకన్నా మూడింతల పట్టు దొరుకుతుంది. అంత పట్టు ఉన్నాక తీగలా లాగి కట్టాల్సిన పని లేదు. అతిగా బిగించిన బెల్టు పగలూ రాత్రీ బేరింగుని పక్కకి గుంజుతూనే ఉంటుంది. కొత్త పంపు ఏడాదిలో పోయిందంటే ముందు బెల్టుని అనుమానించాలి.

కూలెంట్ నింపేటప్పుడు హడావిడి పనికిరాదు. ఇలాంటి పంపు గాలిని తోయలేదు. పుట్టించే ఒత్తిడి సాంద్రతని బట్టి ఉంటుంది, గాలి నీటికన్నా ఎనిమిది వందల రెట్లు తేలిక. గాలి పట్టిన బావి మోటారు ఎంత తిరిగినా నీరు ఎక్కనట్టే, పంపులో గాలి బుడగ చిక్కుకుంటే ఇంజిన్ కాగిపోతుంది. మెల్లగా పోసి, మూత తెరిచే ఇంజిన్ తిప్పి, పై హోస్‌ని చేత్తో నొక్కుతూ, బుడగలు ఆగేదాకా నింపారు. మూడో వంతు కూలెంట్, రెండు వంతులు నీరు కలిపాం. మంచు పడే దేశాల్లో సగం సగం కలుపుతారు. మనకి గడ్డకట్టే భయం లేదు. గ్లైకాల్ పెరిగేకొద్దీ వేడి మోసే శక్తి తగ్గుతుంది కాబట్టి తుప్పుని ఆపడానికి సరిపడినంత ఉంటే చాలు. రేడియేటర్ పనితనం నీటికీ గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా మీదే ఆధారపడుతుంది. 90 డిగ్రీల నీటికి జనవరిలో 25 డిగ్రీల గాలి తగిలితే తేడా 65. మేలో 45 డిగ్రీల గాలి తగిలితే తేడా 45 మాత్రమే, దాదాపు మూడో వంతు శక్తి అక్కడే పోయింది. రెంటచింతల ఎండలో నడిచే బండికి మిగతావన్నీ సరిగ్గా ఉండి తీరాలి.

వేసవి ముందుంది. మీ ఇంట్లో పాత అంబాసిడరో, పద్మినీనో, ట్రాక్టరో ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను పట్టుకుని ఒకసారి ఆడించి చూడండి. పంపు అడుగున చిన్న అద్దం పట్టి ఆ రంధ్రం ఎక్కడుందో కనిపెట్టండి. మట్టి పట్టి మూసుకుపోతే సన్నటి తీగతో శుభ్రం చేయండి. అందులోంచి బొట్టు వస్తే పంపు విప్పించండి. రంధ్రాన్ని మాత్రం ఎవరినీ మూయనివ్వకండి.